"ఎందుకైనా మంచిది" అనే భర్త, "అక్కడ చూసుకుందాంలే" అనే భార్య: సామాను తగవు తీరేదెలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఎనిమిది రోజుల ప్రయాణం, రానూపోనూ విమానం, మధ్యలో రెండు రైళ్ళు, రెండు హోటళ్ళు. తలా ఒక క్యాబిన్ బ్యాగు చాలని మీరంటారు. రెండు పెద్ద సూట్‌కేసులు కావాలని మీ వారంటారు. ఏది తీసేద్దామన్నా "ఎందుకైనా మంచిది, ఉండనీ" అన్నదే ఆయన జవాబు. ప్రతిసారీ బయల్దేరే ముందు రోజు రాత్రి మంచం మీద బట్టల గుట్ట, దాని చుట్టూ గొడవ, విమానం ఎక్కేదాకా ముభావం. ఇద్దరిలో ఎవరిది సరైన మాటో తేల్చమన్నారు.

తేల్చను. అది తేలేది కాదు. వస్తువుల మీద వాదన మానేసి బరువు మీద ఒప్పందానికి రండి. మీ ప్రయాణానికైతే తలా 7 కిలోల క్యాబిన్ బ్యాగు, ఇద్దరికీ కలిపి ఒక్కటే మధ్యరకం సూట్‌కేసు, అది ఖాళీ బరువుతో సహా 15 కిలోలు దాటకూడదు. ఎవరి బ్యాగు వాళ్ళది: అందులో ఏముందని రెండోవాళ్ళు అడగరు, దాన్ని రెండోవాళ్ళు మోయరు. ఉమ్మడి వస్తువులకు మాత్రం ఒక జాబితా, జాబితాలో ప్రతి వస్తువుకూ ఒక్కరే పూచీ. ఉమ్మడి సూట్‌కేసు తూకం బయల్దేరడానికి రెండు రోజుల ముందే అయిపోవాలి.

వస్తువు వస్తువుగా వాదిస్తే ప్రతిసారీ మీ వారే గెలుస్తారు. విడిగా చూస్తే ఏదీ బరువు కాదు, ఏదీ అనవసరమూ కాదు. గొడుగు 350 గ్రాములు. వాన రాదని మీరు రాసివ్వగలరా? ఇవ్వలేరు, అయితే పెట్టాల్సిందే. అలాంటివి ఇరవై చేరేసరికి 6, 7 కిలోలు. ఆ ఇరవైలో ఏ ఒక్కటీ తప్పు కాదు, అన్నీ కలిస్తేనే తప్పు. అందుకే హద్దు మొత్తం మీద పెట్టాలి. 7 కిలోలని ముందే తేలిపోతే "గొడుగు కావాలా వద్దా" అన్న ప్రశ్న "గొడుగా, రెండో జత చెప్పులా" అని మారుతుంది. దానికి జవాబు వెతుక్కోవాల్సింది కూడా మీరు కాదు, బ్యాగు ఎవరిదో వాళ్ళు.

ఇంకో కారణం ఉంది. లేకపోతే ఎలా అన్న దిగులు ఆయనది, ఇదంతా ఎవరు మోస్తారన్న విసుగు మీది. పెట్టేవారు ఒకరు, లాగేవారు ఇంకొకరు అయితే ఈ తగవు ఎన్నేళ్ళైనా తీరదు. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. తేలిగ్గా బయల్దేరామని మురిసిపోతూ, మూడో రోజు నుంచి అవతలివాళ్ళ సన్‌స్క్రీన్, అవతలివాళ్ళ గొడుగు, అవతలివాళ్ళ పవర్ బ్యాంకు వాడుకునేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళ తేలిక అవతలివాళ్ళ భుజం మీద ఉంటుంది. మీరు ఆ లెక్కలో ఉన్నారేమో ఒకసారి చూసుకోండి.

బరువు అంకె ఎలా తేల్చాలి

విమానం టికెట్టు మీద ఉన్న అంకె చూసి సర్దడం మొదటి పొరపాటు. చాలా విమాన సంస్థలు చెక్-ఇన్‌లో 23 కిలోల దాకా ఒప్పుకుంటాయి, ఒక్కో పెట్టె 32 కిలోలు మించితే దాదాపు ఎక్కడా తీసుకోరు. కానీ అది వాళ్ళు మోసే బరువు, మీరు మోసేది కాదు. మీ దారిలో అన్నిటికంటే ఇబ్బందైన చోటు ఏది? మీకైతే రైలు. ప్లాట్‌ఫారం మెట్లు, ఎత్తైన బోగీ మెట్టు, రెండు నిమిషాల ఆగుడు. ఆ చోటుకు సరిపడే అంకె మొత్తం ప్రయాణానికీ అంకె.

పరీక్ష సులువు. సర్దిన సూట్‌కేసును ఒక్కరే ఎత్తి, ఆగకుండా ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగాలి. ఇద్దరూ విడివిడిగా చేయాలి. ఇద్దరిలో బలం తక్కువ ఉన్నవారు ఎక్కడ ఆగిపోతారో అదే హద్దు. చాలామందికి అది 14 నుంచి 16 కిలోల మధ్య వస్తుంది. 15 అన్నది అక్కడినుంచే. ఇంటి గుమ్మం నుంచి హోటలు గుమ్మం దాకా కారులోనే వెళ్ళేవాళ్ళకు ఈ హద్దు అక్కర్లేదు. వాళ్ళు డిక్కీ పట్టినంత పెట్టుకోవచ్చు, తగవు పెట్టుకోవడం దండగ.

తర్వాత, ఖాళీ బ్యాగుల బరువు తూచండి. దీన్ని దాదాపు ఎవరూ చేయరు, పెద్ద లాభం ఇక్కడే ఉంది. చక్రాలున్న గట్టి క్యాబిన్ పెట్టె ఖాళీగానే 2.5 నుంచి 3 కిలోలు ఉంటుంది. 7 కిలోల హద్దులో మీకు మిగిలేది 4, మహా అయితే నాలుగున్నర. అదే గుడ్డ బ్యాక్‌ప్యాక్ అయితే ఒక కిలో, కిలోంబావు, అంటే ఇంచుమించు 6 కిలోలు మిగులుతాయి. ఒక జీన్స్ ప్యాంటు తీయించడానికి అరగంట వాదించేకన్నా బ్యాగు మార్చితే రెండు జీన్స్‌ల బరువు ఊరికే మిగులుతుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం చక్రాల పెట్టే మేలు, అక్కడ ఈ లెక్క చూడొద్దు.

తూచడానికి కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఉంచుకోండి. లేకపోతే మనుషులు బరువు చూసుకునే యంత్రం మీద బ్యాగు పట్టుకుని ఒకసారి, ఒట్టిగా ఒకసారి ఎక్కి, తేడా చూడండి. ఆ పద్ధతిలో కొన్ని వందల గ్రాములు అటూ ఇటూ అవుతాయి కాబట్టి అరకిలో తక్కువగానే ఆపండి. తూకం ఇద్దరూ ఉండగా జరగాలి. త్రాసు చెప్పింది మనిషి చెప్పినట్టు గుచ్చుకోదు.

నాలుగు కిలోల్లో ఎనిమిది రోజులు పడతాయా?

పడతాయి, మధ్యలో ఒకసారి బట్టలు ఉతుక్కుంటే. లెక్క వేద్దాం. పై బట్టలు ఐదు (ఒక్కోటి 180 గ్రాములు) 900 గ్రాములు. ఒంటిమీద ఉన్నది కాక ఇంకో ప్యాంటు 500. లోదుస్తులు ఆరు జతలు 420. మేజోళ్ళు నాలుగు జతలు 200. రాత్రి బట్టలు 350. తేలికపాటి చెప్పులు 500. స్నానం సామాను 600. ఛార్జర్లు, తీగలు 400. మొత్తం 3.87 కిలోలు. జాకెట్టు, బూట్లు, బరువైన ప్యాంటు ఒంటిమీదే వస్తాయి, బ్యాగులోకి రావు.

ఉతకడం నాకు కుదరదంటే తప్పేం లేదు, దాని మూల్యం ఇంకో కిలోన్నర. మొత్తం ఐదున్నర అవుతుంది కాబట్టి చక్రాల పెట్టెలో పట్టదు, గుడ్డ బ్యాగులో పడుతుంది. అది ఆయన బ్యాగు, ఆయన ఇష్టం. మీరు ఉతుకుతానంటే ఒక మెళకువ: పాలిస్టర్, నైలాన్ కలిసిన బట్టను పిండాక పొడి తువ్వాలులో చుట్టి మళ్ళీ గట్టిగా మెలితిప్పండి. తువ్వాలు తడి లాగేసుకుంటుంది, రాత్రి ఆరేస్తే తెల్లారేసరికి సాధారణంగా ఆరిపోతుంది. మందపాటి నూలు బట్ట, జీన్స్ ఉక్కపోతలో ఒక పగలూ రాత్రీ అయినా ఆరకపోవచ్చు. ఊరు మారే ముందు రోజు రాత్రి ఏదీ ఉతకొద్దు. తడి బట్ట బ్యాగులోకి వెళ్తే మిగతావన్నీ ముక్కిపోతాయి.

బూట్ల దగ్గరే చాలా జంటలు చిక్కుకుపోతారు. నడిచే బూట్లు ఒక జత 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటాయి, పైగా వాటిని నొక్కి చిన్నవి చేయలేం. మూడో జత పెడతామంటే అది ఏ రోజు, ఎక్కడికి వేసుకుంటారో చెప్పగలగాలి. "ఎక్కడికైనా" అన్నది జవాబు కాదు. పెట్టిన బూట్ల లోపలి ఖాళీలో మేజోళ్ళు, తీగలు కుక్కేయండి.

"ఎందుకైనా మంచిది" అన్నవాటిని జల్లించడం

హద్దు పెట్టాక కూడా ఉమ్మడి సూట్‌కేసు దగ్గర ఈ మాట వస్తుంది. అప్పుడు రెండే ప్రశ్నలు. ఇది లేకపోతే ఒక రోజంతా పాడవుతుందా? కావాల్సొస్తే అక్కడ మూడు నాలుగు గంటల్లో దొరుకుతుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అయితే ఎంత బరువైనా పెట్టాల్సిందే. మొదటిదానికి కాదు అయితే ఎంత తేలికైనా అక్కర్లేదు. రెంటికీ అవును అయితే 200 గ్రాముల లోపైతే పెట్టండి, మించితే వదిలేయండి.

ఈ జల్లెడలో "అక్కడ చూసుకుందాంలే" అనే మీ మాట కూడా కొన్నిచోట్ల ఓడిపోతుంది, ముందే చెబుతున్నాను. డాక్టరు రాసిచ్చిన మందులు, రెండో కళ్ళజోడు, అప్పటికే కాలికి అలవాటైన బూట్లు, మీ ఫోనుకూ కెమెరాకూ మాత్రమే పట్టే తీగలు, విదేశమైతే ప్లగ్గు అడాప్టరు. అర్ధరాత్రి దిగి, ఫోను చచ్చిపోయి, హోటలు చిరునామా అందులోనే ఉంటే, తెల్లారాక అడాప్టరు కొనుక్కుందామన్న ధీమా ఎందుకూ పనికిరాదు. కొత్త బూట్లు అక్కడ కొని ఆ రోజే పది కిలోమీటర్లు నడిస్తే సాయంత్రానికి మడమలు బొబ్బలెక్కుతాయి. వీటిలో ఆయన మాటే సరైనది.

మందులు చీటీతో సహా, వాటి అసలు పట్టీల్లోనే, క్యాబిన్ బ్యాగులో ఉండాలి. ప్రయాణం రోజులకు మూడు నాలుగు రోజులు అదనంగా పెట్టుకోండి. కొడీన్ లాంటి మత్తు పదార్థమున్న నొప్పి మాత్రలకు, దగ్గు మందులకు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి, వెళ్ళే దేశం నిబంధన ముందే చూడండి.

మరోవైపు ఆయన వదులుకోవాల్సినవీ ఉన్నాయి. మందపాటి స్నానం తువ్వాలు 500 నుంచి 700 గ్రాములు, హోటల్లో ఇస్తారు. హెయిర్ డ్రయ్యర్ అర కిలో, అదీ అంతే, ముందు హోటలుకు ఫోను చేసి కనుక్కోండి. పైగా కొన్ని దేశాల్లో కరెంటు 110–120 వోల్టులు, కొన్నిట్లో 220–240. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది కాబట్టి అవి ఎక్కడైనా పనిచేస్తాయి. డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె చాలావరకు ఒక్క వోల్టేజీకే చేసినవి. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. 110 వోల్టుల డ్రయ్యర్‌ను 230లో పెడితే కాలిపోతుంది.

ఇంత జల్లించినా ఆయనకు మనసొప్పనివి కొన్ని మిగులుతాయి. వాటికోసం ప్రశ్నించని కిలో ఒకటి ఉమ్మడి సూట్‌కేసులో ఇవ్వండి. మీకూ ఒకటి. అందులో ఏమున్నా, ఎనిమిది రోజుల్లో ఒక్కసారి బయటికి తీయకపోయినా, ఎగతాళి చేయకూడదు. ఈ కిలో ఇవ్వకుండా ఆయన చేత అన్నీ తీయించారనుకోండి, మీరు స్నానానికి వెళ్ళినప్పుడు అవి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాయి. అలాగే ఆయన సర్దినదాంట్లోంచి చెప్పకుండా ఏదీ తీసేయకండి. రెండు గ్రాముల వస్తువు తీసినా సరే, అది అక్కడ కావాల్సొచ్చిందంటే ఇక జీవితాంతం ఆయన తన బ్యాగును మీకు చూపించరు.

ఉమ్మడి వస్తువులు: పూచీ ఒక్కరిదే

పేస్టు, సన్‌స్క్రీన్, చిన్న మందుల సంచి, ఛార్జర్, అడాప్టరు, కత్తెర, సూదీదారం, గొడుగు. వీటిలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఇద్దరూ పెడతారు, లేదా అవతలివారు పెట్టారనుకుని ఎవరూ పెట్టరు. కాగితం మీద వస్తువు పక్కన ఒక్క పేరే రాయండి. "ఇద్దరం" అని రాస్తే ఎవరూ లేనట్టే.

ఛార్జర్లలో బాగా మిగుల్చుకోవచ్చు. మూడు నాలుగు పోర్టులున్న 65 వాట్ల ఛార్జర్ ఒకటి ఉంటే రెండు ఫోన్లు, ఒక చిన్న ల్యాప్‌టాప్ గడిచిపోతాయి. అడాప్టరు ఒక్కటే పెట్టి దానికి ఈ ఛార్జర్ తగిలించండి, నాలుగు అడాప్టర్లు అక్కర్లేదు. పవర్ బ్యాంకు ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, క్యాబిన్‌లోనే. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపువాటికి మామూలుగా విడిగా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, అంతకు మించితే వద్దంటారు. 20,000 ఎంఏహెచ్‌ది ఎంత? బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. విమానం నిండిపోయి గేటు దగ్గర మీ క్యాబిన్ బ్యాగును కిందికి పంపిస్తామంటే, పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టు ముందు బయటికి తీసుకోండి. ఈ మూడూ మొదటినుంచీ ఒకే చిన్న సంచిలో ఉంటే ఆ హడావిడిలో గొడవ రాదు.

ద్రవాల సంగతి: క్యాబిన్‌లో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకుండా, అన్నీ ఒక లీటరు పారదర్శక సంచిలో, మనిషికి ఒక సంచి. చూసేది సీసా పరిమాణం, లోపల మిగిలింది కాదు. అడుగున కాస్తే ఉన్నా 200 మిల్లీలీటర్ల సీసాను పారేయిస్తారు. పేస్టు, జెల్, క్రీమ్ అన్నీ ద్రవాల కిందే లెక్క. కొత్త స్కానర్లున్న కొన్ని విమానాశ్రయాల్లో ఈ నియమం సడలించారు, అయినా తిరుగు ప్రయాణం విమానాశ్రయంలో పాత నియమమే ఉండొచ్చు.

ఒకరి బట్టలు ఒకరి బ్యాగులో

చెక్-ఇన్ సూట్‌కేసు ఒక్కోసారి ఆలస్యంగా రావచ్చు. అందుకే ఉమ్మడి సూట్‌కేసులో ఇద్దరివీ సమానంగా ఉండాలి, ఒక్కరి బట్టలన్నీ అందులోకి పోకూడదు. రెండు పెట్టెలు చెక్-ఇన్ చేసేవాళ్ళయితే ఒక్కొక్కరి రెండు రోజుల బట్టలు అవతలివారి పెట్టెలో పెట్టుకోవాలి. బయట ఒక గుర్తు, లోపల ఫోను నంబరు ఉన్న చీటీ, సర్దాక ఫోటో. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటి బయటికి రాకముందే కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలోగా కొన్నవాటి రశీదులు దాచుకోండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

గాలి తీసేసే సంచులు కొనగానే సమస్య తీరిందనుకుంటారు. అవి చోటు తగ్గిస్తాయి, బరువు తగ్గించవు. చోటు మిగిలిందని ఇంకో నాలుగు పెడతారు, కౌంటర్ దగ్గర అంకె ఎర్రబడుతుంది. వాక్యూమ్ యంత్రంతో గాలి లాగే రకమైతే తిరుగు ప్రయాణంలో ఆ యంత్రం ఉండదు, అవే బట్టలు పెట్టెలో పట్టవు. చేత్తో చుట్టి గాలి వదిలే రకం పర్వాలేదు. ఇంతకీ పెట్టె పెద్దదైతే దాన్ని నింపకుండా ఉండటం మనిషి వల్ల కాదు. 28 అంగుళాల పెట్టె ఇంట్లో ఉన్నా ఈ ప్రయాణానికి 24 అంగుళాలదే దించండి.

వెళ్ళేటప్పుడే 15 కిలోలు నిండితే వచ్చేటప్పుడు కొన్నవి ఎక్కడ? రెండు కిలోలు ఖాళీ వదిలి 13 దగ్గర ఆపండి, ప్రశ్నించని రెండు కిలోలూ ఈ 13లోనే. ఈ విషయంలో "తేలిక" పక్షం వాళ్ళే ఎక్కువ కొంటారన్నది గమనించదగ్గది.

ఇంకొకటి, సర్దే వేళ. ఒకరు వారం ముందునుంచి సర్దుతారు, ఇంకొకరు కారు వచ్చాక జిప్పు వేస్తారు. దీన్ని మార్చాలని చూడకండి. ఎవరి బ్యాగు వాళ్ళు ఎప్పుడైనా సర్దుకోనీ, ఉమ్మడి సూట్‌కేసు మాత్రం 48 గంటల ముందు మూతపడాలి. గడువు దాటాక దొరికినది వాళ్ళ సొంత 7 కిలోల్లోకే.

పిల్లలున్న ఇళ్ళలో, పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళే ఇళ్ళలో ఈ లెక్క కాస్త మారుతుంది. అక్కడ ఒక్కరే నలుగురికి సర్దుతుంటారు, ఏది మరిచినా ఆ ఒక్కరినే అంటారు. అలాంటి మనిషి ఎక్కువ పెడుతున్నారంటే అది దుబారా కాదు, మాట పడకుండా చూసుకోవడం. వాళ్ళకు "తగ్గించు" అని సలహా ఇచ్చేముందు పిల్లల్లో ఒకరి సామాను మొత్తం మీరు తీసుకోండి, మరిచినవాటి నింద కూడా మీదే అన్న షరతు మీద.

తిరిగొచ్చాక ఒక పది నిమిషాల పని ఉంది. బట్టలు ఉతుకుల్లో వేసేముందే నేల మీద రెండు కుప్పలు పోయండి: వాడినవి, వాడనివి. మందులు, గొడుగు లాంటి ఆపద వస్తువులను వాడని కుప్పలో లెక్కించొద్దు. వాడని కుప్పను తూచి, అంకెను ఇద్దరి పేర్లతో ఆ ఉమ్మడి జాబితా కాగితం వెనకాల రాయండి. అక్కడ లేక ఇబ్బందిపడినవీ రాయండి, అవి మీ పేరు కిందికే రావచ్చు. ఆ కాగితాన్ని ఖాళీ సూట్‌కేసులో పెట్టి మూసేయండి. వచ్చేసారి పెట్టె దించగానే ముందు చేతికొచ్చేది అదే.